‘యాప్ వేసుకోండి’ అనే సైట్లతో వేగేదెలా? మా నెట్ సెంటర్‌లో తరచుగా అడిగే ప్రశ్నలు

గుంటూరు బ్రాడీపేటలో మాది చిన్న నెట్ సెంటర్. రెండు కంప్యూటర్లు, ఒక జిరాక్స్ మిషను, పాతదే అయినా మొండిగా పనిచేసే ప్రింటరు. ఒకప్పుడు ఎంసెట్ ఫలితాల రోజున మెట్ల కింది దాకా జనం నిలబడేవాళ్లు, ఇంట్లో ఇంటర్నెట్ లేక. ఇప్పుడు వచ్చేవాళ్లలో చాలామంది చేతుల్లో నా కంప్యూటర్ల కంటే ఖరీదైన ఫోన్లున్నాయి. అయినా వస్తున్నారు. “ఫోన్లో తెరిస్తే యాప్ వేసుకోమంటోందండీ, మీ దాంట్లో అవుతుందేమో చూడండి” అంటారు. చూస్తాను. అవుతుంది. అదే సైటు నా కంప్యూటర్లో కిక్కురుమనకుండా పని చేసిపెడుతుంది.

రోజూ అవే ప్రశ్నలు. చెప్పీ చెప్పీ నోరు నొప్పెట్టి, జవాబులన్నీ ఇలా ఒకచోట రాసిపెడుతున్నాను.

సైటు సగమే కనిపించి, మిగతాది యాప్‌లో చూడమంటోంది. నా ఫోను పాతబడిపోయిందా?

లేదు. ముందు ఆ దిగులు తీసేయండి.

మొన్నామధ్య రిటైరైన లెక్కల మాస్టారు ఒకాయన వచ్చారు. కొడుకు దగ్గరికి వెళ్లడానికి బస్సు టికెట్ తీయాలి. ఫోన్లో ఊళ్ల పేర్లు, తేదీ అన్నీ కొట్టారు. తీరా సీట్లు చూపించే చోటికి వచ్చేసరికి కింది నుంచి ఒక తెల్లటి పలక పైకి లేచి, ‘సీటు ఎంచుకోవడానికి యాప్ తెరవండి’ అని అడ్డంగా నిలబడింది. “ఏంటోయ్, కొత్త ఫోను కొనాలా ఇప్పుడు?” అన్నారు. ఆయన ఫోనే తీసుకుని, బ్రౌజర్ పైన మూడు చుక్కలు నొక్కి, ‘డెస్క్‌టాప్ సైట్’ అన్నచోట టిక్ పెట్టి ఇచ్చాను. అక్షరాలు చీమలంత అయ్యాయి. కానీ సీట్లు వచ్చాయి. కిటికీ పక్కది చూసుకుని, డబ్బు కట్టి, టికెట్ ప్రింట్ మాత్రం నా దగ్గర తీయించుకున్నారు.

వెళ్లబోతూ ఆగి అడిగారు: “అదే ఫోను, అదే సైటు. మరి ఇందాక కుదరదని ఎందుకన్నదోయ్?” లెక్కల మాస్టారు కదా, సరైన చోటే పట్టుకున్నారు. నిజంగా ఫోనుకు చేతకాని పనైతే టిక్ పెట్టినా చేతకాకూడదు.

నాది ఫోనని సైటుకు ఎవరు చెప్పారు?

మీ బ్రౌజరే. ఏ పేజీ తెరిచినా అది ముందుగా తన పరిచయం ఒక వాక్యంలో పంపుతుంది. అందులో ఆండ్రాయిడ్, మొబైల్ లాంటి మాటలుంటాయి. డెస్క్‌టాప్ సైట్ అని టిక్ పెడితే ఆ మాటలు మానేసి, ఏదో లినక్స్ కంప్యూటర్ నుంచి వస్తున్నట్టు చెబుతుంది. తెర కూడా వెడల్పైనదే అంటుంది. ఇదొక చిన్న అబద్ధం, ఎవరికీ నష్టం లేనిది.

కావాలనే పాడుచేస్తారా? పనిగట్టుకుని తమ సైటు తామే ఎవరు చెడగొట్టుకుంటారండీ?

అన్నిచోట్లా కావాలనే అనను. చిన్న కంపెనీకి సైటు, ఆండ్రాయిడ్ యాప్, ఐఫోన్ యాప్ మూడూ చూసుకునేంత మంది ఉండరు. యాప్ మీద పడిపోయి సైటును గాలికొదిలేస్తారు. అది నిర్లక్ష్యం. కానీ నిర్లక్ష్యంతో పాడైన సైటు ఎక్కడ పడితే అక్కడ విరుగుతుంది. కావాలని పాడుచేసింది సరిగ్గా మీకు అవసరమైన చోటే విరుగుతుంది. తేడా ఒక్కసారి గమనిస్తే మళ్లీ పొరబడరు.

నేను చూసిన వేషాలు కొన్ని చెబుతాను. వ్యాసం మూడు పేరాలు చదవనిచ్చి, నాలుగోది మసకబార్చి ‘యాప్‌లో చదవండి’ అంటారు. ‘యాప్ తెరవండి’ బటన్ అరచేయంత ఉంటుంది, ‘బ్రౌజర్‌లోనే ఉంటాను’ అన్నది బూడిదరంగులో గోరంత ఉంటుంది. ఇంటూ గుర్తు ఎంత చిన్నదంటే, దాన్ని నొక్కబోతే వేలు పక్కకు జారి ప్లే స్టోర్ తెరుచుకుంటుంది. వద్దని మూసేసినా, రెండు పేజీలు తిరగ్గానే మళ్లీ వస్తుంది. ఇంకొన్ని సైట్లలో రెండు వేళ్లతో పెద్దది చేసి చూడనివ్వరు. మా పెదనాన్నకు దీనంత కోపం తెప్పించేది ఇంకోటి లేదు.

అన్నిటికంటే గడుసు పద్ధతి, ఉన్నదాన్ని చప్పుడు లేకుండా తీసేయడం. ఫేస్‌బుక్ మెసేజ్‌లు ఒకప్పుడు ఫోను బ్రౌజర్లోనే చూసుకునేవాళ్లం. 2016లో ఆ వీలు తీసేసి మెసెంజర్ యాప్‌కి వెళ్లమన్నారు. నిన్నటిదాకా పనిచేసింది ఒక్కరోజులో చేతకానిదైపోయింది. ఇన్‌స్టాగ్రామ్ కథ ఇంకోరకం. 2010లో యాప్‌గా పుట్టింది. ఫోను బ్రౌజర్ నుంచి ఫొటో పెట్టనివ్వడానికి 2017 దాకా, కంప్యూటర్ నుంచి పెట్టనివ్వడానికి 2021 దాకా ఆగారు. సైటు నుంచి ఫొటో ఎక్కించడం అప్పుడే కనిపెట్టిన విద్య కాదు. మా సెంటర్లో ఉద్యోగాల దరఖాస్తులకు ఫొటోలు, సంతకాలు అంతకు చాలా ఏళ్ల ముందు నుంచే ఎక్కిస్తున్నాం.

యాప్ వేయిస్తే వాళ్లకొచ్చే లాభమేంటి? ఊరికే ఇస్తున్నారు కదా?

మొదటిది, మీ ఇంట్లో చోటు. సైటుకు వెళ్లాలంటే మీకు పని పడాలి. యాప్ అయితే మీ ఫోను మొదటి తెర మీద వాళ్ల బొమ్మ కూర్చుంటుంది. రాత్రి తొమ్మిదింటికి ‘మీ కోసం ఒక ఆఫర్’ అని టింగుమంటుంది. కొట్టువాడు వీధిలో బోర్డు పెట్టుకోవడం వేరు, మన వసారాలో మంచమేసుకుని కూర్చోవడం వేరు. నోటిఫికేషన్ పంపే ముందు మనల్ని అడిగి తీరాలని ఆండ్రాయిడ్‌లో నియమం వచ్చింది కూడా 2022లో, 13వ వెర్షన్‌తో. అంతకుముందు యాప్ వేశామంటే అడక్కుండానే మోగేది.

రెండోది, ప్రకటనలు. బ్రౌజర్లో ప్రకటనల్ని ఆపే పరికరాలు పెట్టుకోవచ్చు. యాప్ లోపల అవి అంత తేలిగ్గా సాగవు.

మూడోది మీ సమాచారం. సైటు మీ లొకేషన్ కావాలంటే బ్రౌజర్ మిమ్మల్ని అడుగుతుంది, పేజీ మూస్తే కథ ముగుస్తుంది. ఆండ్రాయిడ్‌లో యాప్ చేతికి ప్రకటనల కోసం ఫోనుకిచ్చిన గుర్తింపు సంఖ్య అందుతుంది. తొందరలో మనం నొక్కే ‘అనుమతించు’లతో కాంటాక్టులు, లొకేషన్ కూడా అందుతాయి. పైగా లాగిన్ అయ్యే ఉంటాం కాబట్టి, చూసిందల్లా మన పేరు మీదే జమ.

ఇది ఎంత దూరం పోగలదో 2025 జూన్‌లో బయటపడింది. ఫేస్‌బుక్ నడిపే మెటా, రష్యా కంపెనీ యాండెక్స్ల ఆండ్రాయిడ్ యాప్‌లు ఫోను లోపల ఒక తలుపు తెరిచిపెట్టుకుని వింటున్నాయని పరిశోధకులు చూపించారు. మనం బ్రౌజర్లో వేరే సైటేదో తెరిస్తే, అందులో ఉన్న వాళ్ల ట్రాకింగ్ కోడ్ ఆ తలుపు గుండా యాప్‌కి కబురు పంపేది. ఇన్‌కాగ్నిటోలో, అంటే చూసిన జాడ ఫోన్లో మిగలని కిటికీలో తెరిచినా, ఫలానా ఆయనే ఇది చూశాడని ముడి పెట్టొచ్చన్నమాట. విషయం బయటికి రాగానే మెటా ఆపేసింది. బ్రౌజర్లో ఎంత జాగ్రత్తగా ఉన్నా, పక్కనే వేసిపెట్టిన యాప్ ఆ జాగ్రత్తకు గండి కొట్టగలదని అప్పుడు తెలిసింది.

ఇంకో తమాషా. ఐఫోన్ యాప్‌లో సినిమాల చందాలు, ఈ-పుస్తకాలు లాంటివి అమ్మితే ఆపిల్ 15 నుంచి 30 శాతం దాకా కమిషన్ తీసుకునే పద్ధతి ఉంది. అది ఇష్టంలేక నెట్‌ఫ్లిక్స్ 2018 చివర్లో ఐఫోన్ యాప్ లోపల కొత్త చందాలు కట్టించుకోవడం మానేసి, సైటుకు వెళ్లి కట్టమంది. కమిషన్ పోతుందనుకున్నప్పుడు సైటు ఎంత ముద్దొచ్చిందో చూడండి! చేతకానిదైతే డబ్బు పనికి దాన్ని నమ్ముతారా?

కానీ యాప్ ఫాస్ట్‌గా ఉంటుంది కదా? ఆ మాట కూడా అబద్ధమేనా?

పూర్తిగా కాదు. బొమ్మలు, బటన్లు, కోడ్ అంతా ముందే ఫోన్లో దించుకుని ఉంటుంది కాబట్టి తెరవగానే కనిపిస్తుంది. సిగ్నల్ సరిగా లేనప్పుడు ఆ తేడా తెలుస్తుంది. నెట్ లేకుండా చదువుకోవాలన్నా, వీడియో దాచుకోవాలన్నా యాపే మేలు.

కాకపోతే చాలా యాప్‌ల లోపల కొన్ని పేజీలు వెబ్ పేజీలే. ఆర్డర్ ఎక్కడిదాకా వచ్చిందో చూసేది, కంప్లయింట్ రాసేది, షరతులు చదివేది. డబ్బాలో పెట్టిన సైటన్నమాట. ఆ డబ్బా కోసం 200 ఎంబీ దింపుకుని, మళ్లీ ‘అప్‌డేట్ చేస్తేనే తెరుచుకుంటాను’ అనిపించుకోవడం. మనవాళ్ల ఫోన్లలో పెళ్లి వీడియోలు, గుడ్ మార్నింగ్ బొమ్మలకే స్టోరేజ్ ఫుల్. అందులో ఒక్కోసారి మాత్రమే పనికొచ్చే యాప్‌లు ఇరవై!

సైటు మూసేసి యాప్ మాత్రమే ఉంచితే ఏమవుతుంది? అలా ఎవరైనా చేశారా?

చేశారు, మన దేశంలోనే. 2015 మొదట్లో ఫ్లిప్‌కార్ట్, ఫోను బ్రౌజర్లో తెరుచుకునే తన సైటును మూసేసి, తెరిచినవాళ్లని యాప్‌కి పంపింది. అప్పటికే ఫ్లిప్‌కార్ట్ చేతిలోకి వచ్చిన మింత్రా ఇంకో అడుగు ముందుకేసి, 2015 మే 15న కంప్యూటర్ సైటు కూడా తీసేసింది. బట్టలు కొనాలంటే యాప్ ఒక్కటే దారి. ఆ రోజుల్లో మా సెంటర్‌కొచ్చి “మింత్రా ఓపెన్ చేయన్నా” అన్న కాలేజీ పిల్లలకు చేతులెత్తేయాల్సొచ్చింది.

ఎంతకాలం సాగింది? ఫ్లిప్‌కార్ట్ అదే ఏడాది నవంబరులో ‘ఫ్లిప్‌కార్ట్ లైట్’ పేరుతో ఫోను సైటును మళ్లీ తెచ్చింది, అదీ ముందుకంటే చాలా బాగా. మింత్రా కంప్యూటర్ సైటు 2016 జూన్‌లో తిరిగొచ్చింది. పెద్ద తెర మీద నాలుగు చీరలు పక్కపక్కన పెట్టి చూసుకుని కొనేవాళ్లుంటారని వాళ్లకు తెలియడానికి ఏడాది పట్టింది. విజయవాడ బీసెంట్ రోడ్డులో ఏ చీరల కొట్టు గుమాస్తాని అడిగినా ఒక్క నిమిషంలో చెప్పేవాడు.

లెక్కలు కావాలంటే గూగుల్‌వి ఉన్నాయి. 2015లో, ఫేస్‌బుక్‌కు పోటీగా తెచ్చిన తమ గూగుల్ ప్లస్ సైటు మీద వాళ్లే పరీక్ష చేసి ఫలితం బయటపెట్టారు. తెరంతా కప్పేసే ‘యాప్ తెచ్చుకోండి’ పేజీ చూసినవాళ్లలో 9 శాతం ఆ బటన్ నొక్కారు. 69 శాతం యాప్‌కీ పోలేదు, సైటుకీ పోలేదు, వెళ్లిపోయారు. ఆ అడ్డం తీసేసి చిన్న పట్టీ పెడితే, ఫోన్లో సైటు వాడే రోజువారీ జనం 17 శాతం పెరిగారు. ఐఫోన్ యాప్ దింపుకునేవాళ్లు తగ్గింది 2 శాతమే. గూగుల్ ప్లస్ 2019లో ఎలాగూ మూతపడింది, అది వేరే సంగతి.

మరి గూగుల్ ఇలాంటి సైట్లను వెనక్కి నెట్టదా?

నెడతామంది. 2015 నవంబరు నుంచి, తెర కప్పేసే యాప్ ప్రకటనలున్న పేజీలను ఫోన్లకు అనువైనవిగా లెక్కించడం మానేసింది. 2017 జనవరి 10 నుంచి, వెతికి వచ్చినవాడికి అసలు విషయం కనిపించకుండా అడ్డుపడే పేజీల ర్యాంకు తగ్గొచ్చంది. సైట్లు దానికీ దారి వెతుక్కున్నాయి. వచ్చీరాగానే అడ్డుపడవు, నాలుగుసార్లు పైకి జరిపాక లేస్తాయి. లేదా సగం తెర మాత్రమే కప్పుతాయి. లాగిన్ అయ్యాక వచ్చే పేజీల్లోకి గూగుల్ ఎలాగూ తొంగిచూడదు కాబట్టి అక్కడ ఇష్టారాజ్యం.

దీని మీద చట్టమేమైనా ఉందా?

ఉంది, చాలామందికి తెలియదు. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న డార్క్ ప్యాటర్న్‌ల మీద మార్గదర్శకాలు ప్రకటించింది. డార్క్ ప్యాటర్న్ అంటే తెర మీది అమరికతోనే మనల్ని మాయచేసి, మనం అనుకోనిది మన చేత చేయించడం. అలాంటివి 13 రకాలు చెప్పారు. బుట్టలో మనకు తెలియకుండా వస్తువు వేయడం, ‘ఇంకా రెండే మిగిలాయి’ అని దొంగ తొందర పెట్టడం, చేరడం తేలిక చేసి మానడం కష్టం చేయడం ఇవన్నీ అందులోవే.

ఆ పదమూడింటిలో ఒకటి నాగింగ్. మన భాషలో నస. దానికి ఆ మార్గదర్శకాల్లోనే ఇచ్చిన మొదటి ఉదాహరణ ఏంటనుకున్నారు? యాప్ దింపుకోమని వెబ్‌సైటు మళ్లీ మళ్లీ అడగడం. అచ్చంగా మనం రోజూ పడే బాధే. ‘వద్దు’ అనే వీలివ్వకుండా నోటిఫికేషన్లు ఆన్ చేయమని అడగడమూ అక్కడే ఉంది. 2025 జూన్‌లో ఆన్‌లైన్ అమ్మకాల కంపెనీలన్నీ తమ సైట్లలో ఇలాంటివి ఉన్నాయేమో మూడు నెలల్లో సొంతంగా తనిఖీ చేసుకోవాలని అదే సంస్థ సలహా కూడా ఇచ్చింది.

అయితే ఎక్కడ ఫిర్యాదు చేయాలి?

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. ఫోను చేయొచ్చు, వాళ్ల వెబ్‌సైటులోనూ ఇవ్వొచ్చు. వెళ్లేముందు స్క్రీన్‌షాట్లు తీసిపెట్టుకోండి. మొదటిసారి వద్దన్నది ఒకటి, మళ్లీ వచ్చింది ఒకటి, తేదీ, సమయం కనిపించేలా. ‘సైటు సతాయిస్తోంది’ అని రాస్తే ఎవరికీ పట్టదు. ‘ఫలానా పేజీలో వద్దన్నాక పది నిమిషాల్లో నాలుగుసార్లు అడిగింది, 2023 మార్గదర్శకాల ప్రకారం ఇది నాగింగ్’ అని రాయండి. డబ్బు నష్టం కూడా జరిగితే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది, గుంటూరులోనూ విజయవాడలోనూ.

ఒక్క ఫిర్యాదుతో రేపటికల్లా ఆ పలక మాయమవుతుందని మాత్రం నేను మాట ఇవ్వను. ఇంకో ముచ్చట: ఈ డార్క్ ప్యాటర్న్‌లను పట్టివ్వడానికి వినియోగదారుల వ్యవహారాల శాఖ 2024 డిసెంబరులో ఏం తెచ్చిందో తెలుసా? యాప్‌లు! నవ్వాలో ఏడవాలో మీ ఇష్టం. నేను 1915కే ఓటేస్తాను.

సరే, ఆ గొడవంతా నాకొద్దు. ఫోన్లోనే సైటు సరిగా రావాలంటే ఏం చేయాలి?

క్రోమ్ అయితే మాస్టారికి చేసిందే: మూడు చుక్కలు, డెస్క్‌టాప్ సైట్. ఫోను అడ్డంగా తిప్పి పట్టుకుంటే అక్షరాలు కాస్త పెద్దవవుతాయి. ఇంకా కష్టమైతే సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీకి వెళ్లి జూమ్ పెంచుకోండి. పని అయ్యాక టిక్ తీసేయడం మర్చిపోవద్దు. తీయకపోతే మర్నాడు “సైటు చిన్నదైపోయింది” అని మళ్లీ నా దగ్గరికే వస్తారు.

రోజూ ఈ బాధే అయితే ఆండ్రాయిడ్‌లో ఫైర్‌ఫాక్స్ వేసుకుని, అందులో ప్రకటనల్ని ఆపే యూబ్లాక్ ఆరిజిన్ అనే ఎక్స్‌టెన్షన్ (బ్రౌజర్‌కి తగిలించుకునే చిన్న పరికరం) పెట్టుకోండి. దాని సెట్టింగ్స్‌లో ఫిల్టర్ జాబితాలుంటాయి. ‘యానాయన్సెస్’ అన్న వరుసలో ఉన్నవాటికి టిక్ పెడితే ఈ పలకలు చాలావరకు తెర మీదికే రావు. మా ఆవిడ ఫోన్లో ఇదే పెట్టాను. వంటల సైట్లలో ‘కావలసినవి’ దాకా ప్రశాంతంగా చేరుతోంది.

ఐఫోన్ వాళ్లకు సఫారీలో అడ్రస్ పట్టీ దగ్గరి గుర్తు నొక్కితే డెస్క్‌టాప్ సైట్ అడిగే వీలుంది. 2024లో వచ్చిన 18వ ఐఓఎస్ నుంచి, చిరాకు పెట్టే ముక్కను వేలితో చూపించి పేజీలోంచి తీసేసే సదుపాయమూ ఉంది. తీసేస్తే ఆ ముక్క పొడైపోయి రాలినట్టు కనిపిస్తుంది. పని లేకపోయినా చేయాలనిపిస్తుంది.

వ్యాసాలు చదవడానికైతే బ్రౌజర్లోని రీడర్ మోడ్ చాలు, చుట్టూ ఉన్న హంగామా తీసేసి వ్యాసం ఒక్కటే చూపిస్తుంది.

లింక్ నొక్కగానే నన్నడక్కుండా యాప్ తెరుచుకుంటోంది. ఆపొచ్చా?

ఆపొచ్చు. ఆండ్రాయిడ్‌లో ఆ యాప్ బొమ్మ మీద వేలు నొక్కిపట్టి, యాప్ సమాచారంలోకి వెళ్లి, ‘డిఫాల్ట్‌గా తెరవండి’ అన్నచోట లింకుల స్విచ్ ఆపేయండి. ఫైర్‌ఫాక్స్‌లో లింకుల్ని యాప్‌లలో ఎప్పుడూ తెరవొద్దని ఒకే సెట్టింగ్‌తో చెప్పొచ్చు. ఐఫోన్లో లింకు మీద వేలు కాసేపు ఉంచితే ఎక్కడ తెరవాలో అడుగుతుంది.

‘యాప్‌లో కొంటే 100 రూపాయలు తగ్గింపు’ అంటున్నారు. వదులుకోమంటారా?

నేనే వదులుకోను. వేసుకోండి, కొనండి, వస్తువు ఇంటికొచ్చి, నచ్చిందనుకున్నాక తీసేయండి. వేసేటప్పుడు అడిగే అనుమతులన్నిటికీ ‘వద్దు’ అనండి. చీర కొనడానికి మన కాంటాక్టులతో వాళ్లకు పనేంటి? అవసరమైతే మళ్లీ అడుగుతుంది, అప్పుడు చూద్దాం.

యాప్ తీసేసినంత మాత్రాన మీ ఖాతా పోదు, మీ వివరాలు వాళ్ల దగ్గరే ఉంటాయి. ఖాతా కూడా వద్దనుకుంటే విడిగా తొలగించాలి. ఖాతా తెరిపించుకునే ప్రతి యాపూ, దాన్ని తొలగించే దారి యాప్‌లోనూ వెబ్‌లోనూ చూపించాలని ప్లే స్టోర్ నియమం. యాప్ తీసేశాక కూడా వెబ్ దారిలో వెళ్లి మూసేయొచ్చు.

నిజంగా యాప్ వేసుకోవాల్సినవి ఏవి?

యూపీఐ. మీ సిమ్ము, మీ ఫోను, మీ బ్యాంకు ఖాతా ఒకదానికొకటి ముడిపడితేనే అది పనిచేస్తుంది. మొదట్లో ఫోను నుంచి తనంతట తానే ఒక ఎస్సెమ్మెస్ పోతుంది, గమనించారా? ఆ ముడి కోసమే. ఆటో బుక్ చేసేవి, మ్యాప్‌లు కూడా వేసుకోండి. దారి పొడుగునా లొకేషన్ చూస్తుండాలి కాబట్టి బ్రౌజర్లో ఇబ్బంది. రోజూ వాడే బ్యాంకు యాప్ ఉంచుకోండి. డిజీలాకర్‌కి సైటు ఉంది, ఏడాదికోసారి వాడేవాళ్లకు అది చాలు.

ప్రభుత్వ పనులకైతే కొత్త యాప్ అక్కర్లేకుండా ఇంకో దారి వచ్చింది. 2025 జనవరి 30న మన రాష్ట్రంలో ‘మన మిత్ర’ మొదలైంది, 161 సేవలతో. 9552300009 నంబరుకు వాట్సాప్‌లో హాయ్ కొడితే చాలు. వాట్సాప్ కూడా యాపే కదా అంటారేమో. నిజమే, కానీ అది ఎలాగూ అందరి ఫోన్లో ఉన్నదే. వాట్సాప్ వాడనివాళ్లు కొందరున్నారు, మా మాస్టారు వాళ్లలో ఒకరు. అలాంటివాళ్లకు సచివాలయమో, నా బల్లో తప్పదు.

వాట్సాప్‌లో ఒక యాప్ ఫైలు వచ్చింది, చలానా ఉందట. వేయమంటారా?

వద్దు. నొక్కొద్దు. చలానా పేరుతో, పీఎం కిసాన్ పేరుతో, బ్యాంకు కేవైసీ పేరుతో వచ్చే ఏపీకే ఫైళ్లు మీ ఎస్సెమ్మెస్‌లు చదివి ఓటీపీలు లాక్కోవడానికే. ఇప్పటికే వేసేసి డబ్బు పోయిందంటే, ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోను చేయండి, తర్వాత బ్యాంకుకు. నా దగ్గరికి ఆ తర్వాతే రండి.

సైట్ల మీద నా కోపంలో సగం ఇందుకే. ప్రతి చిన్న పనికీ ‘యాప్ వేసుకోండి’ అని పదేళ్లుగా జనానికి నేర్పిపెట్టారు. అందుకే, మర్యాదగా రాసిన మెసేజ్‌తో దొంగ యాప్ వచ్చినా, పెద్దవాళ్లకు అందులో వింతేమీ కనిపించదు.

మాకు విజయవాడలో పచ్చళ్ల వ్యాపారం ఉంది. యాప్ చేయించమంటారా?

ఈ మాట అడిగినావిడ ఆవకాయ బాగుంటుంది కాబట్టి జవాబు కాస్త శ్రద్ధగా చెబుతున్నాను. వద్దండీ. మీ దగ్గర ఏడాదికి రెండుసార్లు కొనేవాళ్లు అందుకోసం ఫోన్లో యాప్ ఉంచుకోరు. ఆ డబ్బుతో ఫోన్లో చక్కగా తెరుచుకునే సైటు చేయించండి. ధరలు మొదటి పేజీలోనే కనిపించాలి, రెండు వేళ్లతో పెద్దది చేసుకోగలగాలి, లాగిన్ అడక్కూడదు, యూపీఐతో కట్టించుకోవాలి.

తరచుగా కొనేవాళ్లకైతే సైటునే ఫోను తెర మీద బొమ్మలా పెట్టుకునే ఏర్పాటుంది. క్రోమ్ మూడు చుక్కల్లో ‘హోమ్ స్క్రీన్‌కి జోడించు’ అన్నదే అది. సైటును దానికి తగ్గట్టు కడితే యాప్‌లాగే నిండు తెరతో తెరుచుకుంటుంది. ప్రోగ్రెసివ్ వెబ్ యాప్ అంటారు, 2015లో పెట్టిన పేరు. పైన చెప్పిన ఫ్లిప్‌కార్ట్ లైట్ ఆ కోవదే. ఐఫోన్లో కూడా 2023లో వచ్చిన 16.4 వెర్షన్ నుంచి, ఇలా జోడించుకున్న సైట్లు మనం ఒప్పుకుంటే నోటిఫికేషన్లు పంపగలవు. ఇంకేం కావాలి? చేయించేవాడు యాప్ కూడా చేయించుకోండి అని పట్టుబడితే, ఏడాదికి నిర్వహణ ఖర్చు ఎంతో ముందు కాగితం మీద రాయించుకోండి.

డెస్క్‌టాప్ సైట్ పెట్టినా కుదరకపోతే?

అప్పుడు నా కంప్యూటర్లో ప్రయత్నిద్దాం. అక్కడా రాలేదంటే ఆ కంపెనీ సైటు నిజంగానే తీసేసిందని అర్థం. అలాంటప్పుడు ఇంకో కంపెనీ ఉందేమో చూడటమే. లేకపోతే యాప్ వేసుకుని పని కానిచ్చి, తీసేయడం.

మీ నెట్ సెంటర్‌కి యాప్ ఉందా?

లేదు. ప్రింట్ తీయాల్సిన ఫైలు వాట్సాప్‌లోనో మెయిల్లోనో పంపండి, పెన్‌డ్రైవ్ తెచ్చినా సరే. ఆధార్, పాన్ లాంటివైతే పని అయ్యాక మీ ముందే డిలీట్ చేయించుకోండి. హడావుడిలో నేను మర్చిపోతే గుర్తు చేయండి. ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంట దాకే ఉంటాను.